ఇంజిన్‌లో ఆ టకటక ఎక్కడిది? పాత కారు చప్పుడు మూలాన్ని పట్టుకోవడం

వాడిన కారు కొన్నవారిని ఎంతకూ పోని ఇంజిన్ చప్పుడు కలవరపెట్టినంతగా మరే లోపమూ కలవరపెట్టదు. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగదు, లాగుడులో తేడా కనిపించదు, ఇంధనం ఎక్కువ తాగుతున్న జాడ ఉండదు. అయినా బానెట్ కింద ఏదో ఒకటి లెక్క తప్పకుండా టకటకమంటూనే ఉంటుంది. విన్నవారిలో ఒకరు వాల్వులను తెరిచే ట్యాపెట్లు వదులయ్యాయంటారు, మరొకరు బేరింగు పోయింది కాబట్టి ఇంజిన్ దించక తప్పదంటారు, ఇంకొకరు పెట్రోలు మార్చి చూడమంటారు. ముగ్గురూ పని తెలిసినవారే కావచ్చు, ముగ్గురి మాటకూ ఎంతో కొంత ఆధారం ఉండవచ్చు. చెవికి దాదాపు ఒకేలా వినిపించే ఈ చప్పుడుకు పదికి పైగా కారణాలున్నాయి. వాటిలో ఒకటి నాలుగు బోల్టులు బిగించడంతో తీరిపోతే, మరొకటి పట్టించుకోకుండా నడిపినందుకు ఇంజిన్‌నే బద్దలు చేస్తుంది.

చప్పుడును వర్ణించి రోగం పేరు చెప్పడం మీద నాకు నమ్మకం లేదు. అది ఎప్పుడు పుడుతోంది, ఎప్పుడు పెరుగుతోంది, ఏమి చేస్తే తగ్గుతోంది అన్న మూడు సంగతులే మూలాన్ని పట్టిస్తాయని, ఆ మూడింటినీ చాలావరకు ఇంజిన్ విప్పకుండానే తెలుసుకోవచ్చని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే పేరు, రెండు వేర్వేరు సంగతులు

ఇటువంటి ఇంజిన్ చప్పుళ్లకు పెట్టిన నాకింగ్ అన్న మాటను వాడుకలో రెండు వేర్వేరు విషయాలకు వాడుతున్నారు. అయోమయం సగం అక్కడే మొదలవుతుంది. మొదటిది ఇంధనం మండే తీరులో వచ్చే తేడా. రెండోది రెండు లోహపు భాగాల మధ్య సందు ఉండవలసిన దానికంటే పెరిగి, అవి ఒకదానినొకటి కొట్టుకోవడం. మొదటిదానిలో భాగాలన్నీ చక్కగా ఉండి కూడా చప్పుడు రావచ్చు. రెండోదానికి ఎంత మంచి ఇంధనం పోసినా ఫలితం ఉండదు.

పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట సిలిండర్ అంతటా క్రమంగా పాకాలి. ఆ మంట చేరేలోపే అవతలి మూలన మిగిలి ఉన్న గాలి, ఇంధనాల మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తాళలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే, సిలిండర్‌లోని వాయువంతా గంట కొట్టినట్లు మోగుతుంది. ఆ మోత స్థాయి సిలిండర్ వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 80 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్‌లో అది సెకనుకు సుమారు 7,000 కంపనాలు. అందుకే ఇది గుప్పెడు గోళీలను రేకు డబ్బాలో వేసి ఆడించినట్లు సన్నని గలగలగా వినిపిస్తుంది గాని, సుత్తి దెబ్బలా విడివిడిగా వినిపించదు. ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేరులో తక్కువ వేగం మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, ఇంజిన్ బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఇది వస్తుంది. కాలు తీయగానే మాయమవుతుంది. ఆగి ఉన్న పెట్రోలు కారులో, ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) నిలకడగా వచ్చే టకటకకు ఇంధనమే కారణమని ఎవరైనా చెబితే ఆ మాట మీద డబ్బు ఖర్చు పెట్టవలసిన పని లేదు.

ఈ గలగల మోటారు వాహనాల చరిత్రనే మలుపు తిప్పింది. టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇది ఆగుతుందని 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ కనుగొన్నాడు. ఆ సీసం దశాబ్దాల పాటు ప్రపంచమంతటా గాలిలో విషంగా కలిసింది. రోడ్డు వాహనాల పెట్రోలులో దాని వాడకం పూర్తిగా ముగిసిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ప్రకటించినది 2021లో. ఇంధనం ఈ మోతను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ సంఖ్య కూడా అదే అన్వేషణ నుంచి పుట్టింది. ఆ కొలమానంలో ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు సున్నా.

ఇప్పటి ఇంజిన్లలో బ్లాకుకు బిగించిన నాకింగ్ సెన్సర్ ఈ కంపనాన్ని పసిగట్టగానే కంప్యూటర్ స్పార్కును కాస్త ఆలస్యం చేసి మోతను అణచివేస్తుంది. కాబట్టి ఆధునిక కారులో ఈ గలగల చెవికి వినిపించేటంతగా, విడవకుండా వస్తోందంటే సెన్సరో దాని తీగో పనిచేయకపోయి ఉండాలి, లేదా కంప్యూటర్ సర్దుకోగల హద్దును పరిస్థితి దాటిపోయి ఉండాలి. పాత ఇంజిన్‌లో ఆ హద్దు దాటించేవి తెలిసినవే. ఏళ్ల తరబడి పిస్టన్ నెత్తిన పేరుకున్న మసి గట్టిపడి లోపలి ఖాళీని తగ్గిస్తుంది, నిప్పుకణికలా వేడిని దాచుకుంటుంది. రింగులు అరిగి సిలిండర్‌లోకి చేరిన ఇంజిన్ ఆయిల్ ఇంధనపు తట్టుకునే శక్తిని దెబ్బతీస్తుంది. కూలంట్ సరిగా తిరగకపోయినా, పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మూసుకుపోయి బిగుసుకున్నా, ఇంజెక్టర్లు మూసుకుపోయి మిశ్రమం పలచబడినా ఇదే ఫలితం. తయారీదారు చెప్పిన ఆక్టేన్ ఉన్న ఇంధనంతో రెండు మూడు ట్యాంకులు నడిపి చూడడం వీటన్నిటికంటే తేలికైన పరీక్ష. దానితో గలగల తగ్గితే దారి ఇటువైపేనని తేలిపోతుంది.

నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బో ఇంజిన్లలో ఇంకొక రకం ఉంది. తక్కువ వేగంలో ఎక్కువ బరువు పడినప్పుడు, స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకొని ఒకటి రెండు పెద్ద దెబ్బలు వినిపిస్తాయి. అరుదుగా వచ్చినా ఇది ప్రమాదకరమైనది, పిస్టన్‌ను పగలగొట్టగలదు. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం సమ్మేళనాలకు ఇందులో పాత్ర ఉందని తేలడంతో, దీనిని అరికట్టే పరీక్షను 2018లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఏపీఐ ఎస్పీ ప్రమాణాలలో చేర్చారు. ఇటువంటి ఇంజిన్ ఉన్న పాత కారులో ఇంతకుముందు యజమాని ఏ ఆయిల్ పోశారన్నది అందుకే అడగదగిన ప్రశ్న.

డీజిల్ సంగతి వేరు. అందులో ఇంధనం తనంతట తాను అంటుకోవడమే పద్ధతి కాబట్టి కొంత కటకట సహజం, చల్లగా ఉన్నప్పుడు మరికాస్త ఎక్కువ. ఒక్క సిలిండర్ నుంచి మాత్రమే మిగిలినవాటిని మించిన దెబ్బ వినిపిస్తే ఇంజెక్టర్‌ను అనుమానించాలి; ముక్కు సరిగా మూసుకోక ఇంధనం కారుతున్న ఇంజెక్టర్ చప్పుడును బేరింగు చప్పుడుగా పొరబడి ఇంజిన్ విప్పినవారున్నారు.

లయను లెక్కపెట్టడం

ఇక లోహం లోహాన్ని కొట్టే చప్పుళ్లు. వీటిని విడదీయడానికి ఇంజిన్ నిర్మాణమే ఒక మంచి ఆధారం ఇస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి వాల్వులు, ట్యాపెట్లు, రాకర్లు ఉన్న పై భాగంలో ఒక్క చోట పుట్టిన చప్పుడు ఇంజిన్ వేగంలో సగం లెక్కన వస్తుంది; క్రాంక్, దానికి పిస్టన్లను కలిపే కనెక్టింగ్ రాడ్లు ఉన్న కింది భాగంలో పుట్టినది సాధారణంగా ఇంజిన్ వేగంతో సమానంగా వస్తుంది. ఐడ్లింగ్ నిమిషానికి 800 చుట్లు అనుకుంటే, పై భాగపు చప్పుడు సెకనుకు ఆరేడు సార్లు, కింది భాగపు చప్పుడు పదమూడు సార్లు.

సెకనుకు పదమూడు దెబ్బలను చెవి లెక్కపెట్టలేదు. ఫోను మాత్రం లెక్కపెట్టగలదు. బానెట్ తెరిచి అయిదు సెకన్ల చప్పుడును రికార్డు చేసి, శబ్ద తరంగాన్ని తెర మీద చూపే ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా దెబ్బలు ముళ్లలా నిలబడి కనిపిస్తాయి. వాటి సంఖ్య ముప్పై మూడుకు దగ్గరగా ఉంటే పైకి చూడాలి, అరవై ఏడుకు దగ్గరగా ఉంటే కిందికి చూడాలి. పాతకాలపు మెకానిక్‌లు స్పార్కు వచ్చినప్పుడల్లా వెలిగే టైమింగ్ లైటును ఒక సిలిండర్ తీగకు తగిలించి, వెలుగుతో పాటు చప్పుడు వస్తోందా, రెండు వెలుగులకు మధ్య కూడా వస్తోందా అని పోల్చి ఇదే పని చేసేవారు. ఈ లెక్కకు రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. ట్యాపెట్లన్నీ ఒకేసారి వదులైతే వాటి చప్పుళ్లు కలిసిపోయి సంఖ్య పెరుగుతుంది. పిస్టన్ సిలిండర్ గోడను తట్టే చప్పుడు కింది భాగానిదే అయినా, మంట తోసే స్ట్రోకులోనే గట్టిగా వస్తుంది కాబట్టి సగం వేగంలో వినిపించవచ్చు.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడగనిస్తే నేను అడిగేది ఇదే. రాత్రంతా నిలబెట్టిన కారును పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మొదటి పది సెకన్లలో, తర్వాత అయిదు నిమిషాలలో, పూర్తిగా వేడెక్కాక చప్పుడు ఎలా మారుతోంది?

స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమని ఆగిపోతే, క్రాంక్‌ను క్యామ్‌కు కలిపే టైమింగ్ చైన్‌ను గాని, దానిని బిగించి ఉంచే టెన్షనర్‌ను గాని చూడాలి. టెన్షనర్‌కు బలం ఆయిల్ ఒత్తిడే; రాత్రి ఆ ఆయిల్ కిందికి జారిపోతే, తిరిగి నిండేవరకు చైన్ వదులుగా ఊగి కొట్టుకుంటుంది. ఆయిల్ ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు పనిచేయకపోయినా ఇలాగే జరుగుతుంది కాబట్టి, చైన్ మార్చే ముందు సరైన ఫిల్టర్ వేసి చూడడం న్యాయం. ఆయిల్ నిండి వాల్వుల సందును సర్దే హైడ్రాలిక్ లిఫ్టర్ల టిక్‌టిక్ కూడా పొద్దున మొదలై ఆయిల్ నిండాక తగ్గుతుంది. ఆయిల్ నాణ్యత చెడినప్పుడు, మట్టం తగ్గినప్పుడు అది రోజంతా ఉండిపోతుంది.

అయిదు నుంచి పది నిమిషాలలో నెమ్మదిగా తగ్గే డొల్ల చప్పుడు చాలాసార్లు పిస్టన్‌దే. అల్యూమినియం పోత ఇనుముకంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సిలిండర్‌లో వదులుగా ఉన్న పిస్టన్ వేడెక్కే కొద్దీ ఉబ్బి సందును పూడుస్తుంది. వేడెక్కాక పూర్తిగా పోయే పిస్టన్ చప్పుడుతో ఏళ్ల తరబడి నడిచే ఇంజిన్లు ఉన్నాయి. వేడెక్కినా పోనిది మాత్రం బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగిందని చెబుతుంది.

చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్‌మని, వేడెక్కాక ఆగే మరొక చప్పుడు ఇంజిన్ లోపలిదే కాదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ పోయినా, దానిని పట్టుకునే స్టడ్ విరిగినా, ఒక్కొక్క సిలిండర్ పొగ వదిలినప్పుడల్లా ఆ సందులోంచి చిమ్ముతుంది. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకోగానే ఆగుతుంది. ఈ విషయంలో నాకు ఒక అనుభవం ఉంది. నేను కొన్న పాత కారులో పొద్దున వచ్చే టిక్‌టిక్‌ను ఒక వర్క్‌షాపులో లిఫ్టర్ల చప్పుడని తేల్చి, లిఫ్టర్లన్నీ మార్చారు. మర్నాడు పొద్దున చప్పుడు యథాతథంగా వినిపించింది. వేడి కవచపు రేకు విప్పి చూస్తే, చివరి సిలిండర్ దగ్గర గాస్కెట్ అంచున నల్లని మసి చార స్పష్టంగా ఉంది, పక్కనే స్టడ్ విరిగి ఉంది. ఆ రేకును ముందుగా విప్పి ఉంటే లిఫ్టర్ల జోలికి వెళ్లవలసిన అవసరమే ఉండేది కాదు. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగే చల్లని టిక్‌టిక్ ఎక్కడ విన్నా నేను ఇప్పుడు మొదట మసి చార కోసమే వెతుకుతాను.

వీటన్నిటికీ ఎదురుగా నిలబడేది వేడెక్కేకొద్దీ పెరిగే చప్పుడు. దీనిని తేలికగా తీసుకోకూడదు. 5డబ్ల్యూ-30 అన్న చిక్కదనపు గ్రేడు ఆయిల్ 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నదానితో పోలిస్తే 100 డిగ్రీల వద్ద చిక్కదనంలో సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. అరిగిన బేరింగులో పెరిగిన సందును పొద్దున చిక్కటి ఆయిల్ నింపి దెబ్బను మింగేస్తుంది. మధ్యాహ్నానికి ఆ ఆయిల్ నీళ్లలా పలచబడి, లోహం లోహాన్ని నేరుగా తాకుతుంది. పొద్దున నిశ్శబ్దంగా ఉండి, అరగంట నడిపాక కింది నుంచి దబదబమనే ఇంజిన్‌ను వెంటనే ఆపి, ఆయిల్ చూడాలి.

బరువు పెట్టి, తీసి చూడడం

కనెక్టింగ్ రాడ్ కింది చివర క్రాంక్‌ను పట్టుకునే బేరింగులో, 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు (బేరింగులో తిరిగే క్రాంక్ భాగానికి) ఉండవలసిన సందు సుమారు 0.02 నుంచి 0.06 మిల్లీమీటర్లు, అంటే రమారమి తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులో ఆయిల్ పొర మీద రాడ్ తేలుతూ ఉంటుంది. సందు పెరిగితే, పిస్టన్ పైకి వెళ్లి దిశ మార్చుకునే ప్రతిసారీ రాడ్ ఆ ఖాళీని దాటి జర్నల్‌ను కొడుతుంది. అందువల్ల ఈ చప్పుడు బరువు మారే క్షణాలలో బయటపడుతుంది. ఇంజిన్‌ను నిమిషానికి 2,000 నుంచి 2,500 చుట్ల దగ్గర నిలకడగా ఉంచి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే, వేగం పడిపోయే ఆ రెండు క్షణాలలో టకటక పైకి తేలుతుంది. క్రాంక్‌ను బ్లాకులో మోసే మెయిన్ బేరింగుల చప్పుడు ఇంకా లోతైనది, చెవికంటే పాదాలకు ముందు తెలిసే దబ్బు. బరువు లాగేటప్పుడు అది పెరుగుతుంది. పిస్టన్‌ను రాడ్‌కు కలిపే గజన్ పిన్ వదులైతే ఐడ్లింగ్‌లోనే వెంటవెంటనే రెండేసి దెబ్బలుగా, పదునుగా వినిపిస్తుంది.

ఏ సిలిండర్‌దో తేల్చడానికి ఒక్కొక్క సిలిండర్‌ను మండకుండా ఆపి చూడడం పాత పద్ధతి, ఇప్పటికీ దీనికి సాటి లేదు. మంట లేకపోతే ఆ పిస్టన్ మీద తోపు ఉండదు కాబట్టి, ఆ రాడ్ బేరింగు చప్పుడు, పిస్టన్ చప్పుడు బాగా తగ్గుతాయి. గజన్ పిన్ చప్పుడు తగ్గకపోగా ఒక్కోసారి పెరుగుతుంది. వాల్వుల చప్పుడులో మార్పు ఉండదు. ఏ సిలిండర్‌ను ఆపినా మారని దెబ్బకు అసలు సిలిండర్లతో సంబంధమే లేకపోవచ్చు. పెట్రోలు ఇంజిన్‌లో ఇందుకు ఇంజెక్టర్ కనెక్టర్‌ను తీయడం మేలు. స్పార్క్ తీగ మాత్రం తీస్తే మండని పెట్రోలు కాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దానిని కాల్చేస్తుంది. ఇంజిన్ ఆపి, కనెక్టర్ తీసి, మళ్లీ స్టార్ట్ చేసి వినాలి. డీజిల్ కామన్ రైల్ ఇంజిన్‌లో పాత అలవాటు కొద్దీ ఇంధనపు పైపు నట్టును వదులు చేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు. ఆ పైపులో ఒత్తిడి 2,000 బార్‌ను దాటగలదు, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. స్కానర్‌తో సిలిండర్లను ఒక్కొక్కటిగా ఆపే వీలున్న చోట అదే సురక్షితమైన దారి.

ఎక్కడి నుంచి, అసలు ఇంజిన్‌దేనా?

చప్పుడు లోహంలో గాలిలోకంటే ఎన్నో రెట్లు వేగంగా, బలంగా ప్రయాణిస్తుంది కాబట్టి బానెట్ మీద వంగి వింటే అది అన్ని వైపుల నుంచీ వస్తున్నట్లే ఉంటుంది. మెకానిక్ స్టెతస్కోపు ఉంటే మంచిది. లేకపోతే పొడుగాటి స్క్రూ డ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనించినా చాలు. వాల్వు కవర్, టైమింగ్ కవర్, బ్లాకు పక్క భాగం, మెకానిక్‌లు ఛాంబర్ అని పిలిచే ఆయిల్ సంప్, ఆల్టర్నేటర్, వాటర్ పంపు, ఏసీ కంప్రెసర్ ఒక్కొక్కటే తాకుతూ, చప్పుడు అన్నిటికంటే పదునుగా ఉన్న చోటును గుర్తించాలి. తిరిగే బెల్టులకు, ఫ్యానుకు దుస్తులు, జుట్టు తగలకుండా చూసుకోవాలి. మూసిన గదిలో ఇంజిన్ నడపకూడదు, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

ఇంజిన్ లోపలిదని తేల్చే ముందు బయటివాటిని కొట్టివేయడం తప్పనిసరి. ఆల్టర్నేటర్ వైపు బెల్టును తీసేసి, అర నిమిషం మాత్రం నడిపి వింటే చాలు. చప్పుడు పోతే దోషం ఆ బెల్టు తిప్పే భాగాలదే. చాలా కార్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి అంతకుమించి నడపకూడదు, టైమింగ్ బెల్టును మాత్రం అసలు ముట్టుకోకూడదు. ఆటోమేటిక్ గేరు బండిలో ఇంజిన్‌ను టార్క్ కన్వర్టర్‌కు కలిపే పలచటి ఫ్లెక్స్ ప్లేటు పగిలినా, దాని బోల్టులు వదులైనా అచ్చం రాడ్ బేరింగులాగే కొడుతుంది. గేరులో వేసినప్పుడు, తీసినప్పుడు చప్పుడు స్వభావం మారడం దాని గుర్తు. మాన్యువల్ బండిలో క్లచ్ తొక్కితే చప్పుడు మారుతుంటే, ఇంజిన్ ఆపేటప్పుడు గలగలమంటుంటే, రెండు పొరల ఫ్లైవీల్‌ను చూడాలి. ఇంజిన్ మౌంటింగు చిరిగి బ్లాకు ఫ్రేముకు తగలడం, వేడి కవచపు రేకు ఊడి కొట్టుకోవడం కూడా ఎందరినో భయపెట్టిన చప్పుళ్లే. నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజిన్లలో ఇంజెక్టర్లు, అధిక పీడన పంపు ఎప్పుడూ టిక్‌టిక్‌మంటూనే ఉంటాయి. అదే మోడల్ కారు మరొకటి దొరికితే పక్కన పెట్టి వినడం కంటే మంచి కొలమానం లేదు.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

నిజానికి ఈ పరీక్షలన్నిటికంటే ముందు చేయవలసినది ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూడడం. ఆయిల్ మట్టం బాగా తగ్గితే పంపు గాలిని కూడా పీలుస్తుంది, నురుగు నిండిన లిఫ్టర్ టకటకమంటుంది, బేరింగులకు ఆయిల్ అందదు. కేవలం ఆయిల్ నింపడంతో ఆగిపోయిన చప్పుళ్లు ఎన్నో ఉన్నాయి. అయితే చప్పుడు వచ్చే వరకు ఆయిల్ లేకుండా నడిచిన ఇంజిన్‌లో ఏమేమి అరిగిందో ఆ తర్వాతైనా చూడాలి.

ఆయిల్ దీపం వెలగలేదు కాబట్టి ఒత్తిడి బాగానే ఉందనుకోవడం ప్రమాదకరమైన భ్రమ. చాలా కార్లలో ఆ దీపం ఒత్తిడి అర బార్ కంటే కిందికి పడిపోతే తప్ప వెలగదు, అప్పటికి నష్టం జరిగిపోయి ఉంటుంది. సెన్సర్‌ను విప్పి ఆ స్థానంలో యాంత్రిక గేజి బిగించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడ్లింగ్‌లోనూ, 2,000 చుట్ల దగ్గరా కొలవాలి. ఎంత ఉండాలన్నది ఆ ఇంజిన్ సర్వీసు పుస్తకం చెబుతుంది. పుస్తకం లేనిచోట ప్రతి 1,000 చుట్లకు కనీసం 10 పీఎస్ఐ (ఒత్తిడికి మరో కొలమానం) అన్న పాత వర్క్‌షాపు లెక్కను ఉజ్జాయింపుగా వాడుకోవచ్చు.

ఆ తర్వాత ఆయిల్‌ను శుభ్రమైన పళ్లెంలోకి దించి ఎండలో చూడాలి, ఫిల్టర్ డబ్బాను కోసి లోపలి కాగితపు మడతలను విప్పి చూడాలి. రంపంతో కోస్తే ఆ రజనే కలిసిపోయి తప్పు సాక్ష్యం ఇస్తుంది, కాబట్టి ఫిల్టర్ కట్టర్ వాడడం అవసరం. మడతలలో దొరికిన రేణువుల మీద అయస్కాంతం తిప్పితే, అంటుకున్నవి చైన్, క్యామ్, రింగుల వంటి ఉక్కు, ఇనుప భాగాల నుంచి వచ్చినవి. అంటుకోకుండా రాగి రంగులోనో, వెండి రంగు పొలుసులుగానో మెరిసేవి బేరింగు లోహం నుంచి వచ్చినవి. ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపితే ఇదే సంగతి అంకెలలో తెలుస్తుంది: రాగి, సీసం, తగరం పెరిగితే బేరింగులు; ఇనుము పెరిగితే సిలిండర్లు, క్యామ్; అల్యూమినియం పెరిగితే పిస్టన్లు, కొన్ని రకాల బేరింగులు; సిలికాన్ పెరిగితే గాలి ఫిల్టర్‌ను దాటి వచ్చిన దుమ్ము. వెంటనే ఆయిల్ మార్చి ఇచ్చిన కారులో ఈ పరీక్ష ఏమీ చెప్పలేదని కూడా తెలిసి ఉండాలి.

వాడిన కారు విషయంలో ఈ చివరి మాటకు ప్రత్యేకమైన బరువు ఉంది. అమ్మేవారు కొనేవారు రాకముందే ఇంజిన్‌ను వేడి చేసి ఉంచితే చల్లని చప్పుళ్లన్నీ దాగిపోతాయి. పలచటి 0డబ్ల్యూ-20 ఆయిల్ కోరే ఇంజిన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే బేరింగు చప్పుడు కొన్నాళ్లు మెత్తబడుతుంది. కంప్యూటర్‌లోని దోష సంకేతాలను చెరిపేస్తే దీపం ఆరుతుంది, కాని స్వీయ పరీక్షలు పూర్తి కాలేదన్న జాడ స్కానర్‌లో మిగిలిపోతుంది. ఈ మూడింటికీ విరుగుడు కష్టం కాదు. ముందు చెప్పి, చల్లని ఇంజిన్ కావాలని అడగాలి. వెళ్లగానే బానెట్ కింద చేయి పెట్టి వేడి చూడాలి. అరగంట నడిపాక మళ్లీ వినాలి. స్కానర్‌లో ఆ స్వీయ పరీక్షల స్థితి చూడాలి. ఆ మోడల్ ఇంజిన్‌కు తయారీదారు రీకాల్ ప్రకటించారేమో చూడడం కూడా మరువకూడదు. 2015లో హ్యుందాయ్ సంస్థ అమెరికాలో 2011, 2012 మోడల్ సొనాటా కార్లను సుమారు 4,70,000 వెనక్కి పిలిపించింది. తయారీలో క్రాంక్ షాఫ్ట్‌లో మిగిలిపోయిన లోహపు రజను రాడ్ బేరింగులకు ఆయిల్‌ను అడ్డుకోవచ్చన్నది కారణం. తరువాతి ఏళ్లలో ఆ సంస్థ, మంట మోతను పసిగట్టడానికి ఉన్న నాకింగ్ సెన్సర్‌తోనే బేరింగు అరుగుదల కంపనాన్ని ముందుగా గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను కార్లలో ఎక్కించింది. చెవి చేసే పనిని సెన్సర్ మరింత ఓపికగా చేయగలదని అది చూపింది.

ఈ పరీక్షలన్నీ రాడ్ బేరింగు వైపే వేలు చూపిస్తే కారును నడిపించి వర్క్‌షాపుకు తీసుకువెళ్లడం కూడా తగదు, లాగించుకొని వెళ్లాలి. పెరిగిన సందులోంచి ఆయిల్ జారిపోయే కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గే కొద్దీ అరుగుదల పెరుగుతుంది. చివరకు రాడ్ విరిగి బ్లాకు గోడను చీల్చుకొని బయటకు వస్తుంది. చాలా ఇంజిన్లలో సంప్ విప్పితే ఇంజిన్ దించకుండానే రాడ్ క్యాపులు తీసి బేరింగు తొడుగులను చూడవచ్చు. నలిగితే మందం చెప్పే సన్నని ప్లాస్టిక్ తీగను జర్నల్ మీద పెట్టి, క్యాపును నిర్ణీత బిగువుకు బిగించి విప్పితే, సందు ఎంతో నేరుగా తెలుస్తుంది. జర్నల్ మీద గోరు తట్టుకునేటన్ని గీతలు ఉంటే కొత్త తొడుగులు వేసి సరిపెట్టడం దండగ. క్రాంక్‌ను గ్రైండింగ్ చేయించాలి, లేదా మార్చాలి. సంప్‌లోని ఆయిల్ జల్లెడ దేనితో మూసుకుపోయిందో, పంపు ఎంత అరిగిందో అప్పుడే చూడాలి. లోహపు రజను ఆయిల్ కూలర్ లోపలి సన్నని దారులలో ఇరుక్కొని, ఎంత కడిగినా పూర్తిగా రాదు. పాత కూలర్‌ను అలాగే బిగిస్తే ఆ రజనే తిరిగి కొత్త బేరింగులలోకి చేరుతుంది.